కారు అద్దం మీద కాగితం

వంకాయలు కొన్నా సరే, కొసరు వేయించుకోందే కదలని మనిషిని నేను. తూకం అయ్యాక ఇంకో రెండు కాయలు సంచీలో పడితేనే నాకు తృప్తి. అలాంటిదాన్ని కారు కొన్నప్పుడు మాత్రం ఎదురు కొసరు నేనే వేసి వచ్చాను. అదీ నోరు మెదపకుండా!

క్రిందటేడు సంగతి. నా రాతల మీద వచ్చిన డబ్బు కూడబెట్టుకుని ఓ చిన్న కారు కొనుక్కుందామని మావారితో కలిసి షోరూముకి వెళ్ళాను. అక్కడి కుర్రాడు మర్యాదస్తుడే. కాఫీ ఇచ్చాడు. అయితే రంగు గురించి మాట్లాడాల్సి వచ్చినప్పుడు "మేడమ్" అంటూ నావైపు తిరిగేవాడు. డబ్బు గురించి అయితే "సార్" అంటూ మావారి వైపు తిరిగేవాడు. చెక్కు నాదని ఆయన చెప్పినా అతని మెడ ఇటు తిరగలేదు.

చివరికి ఓ కాగితం చేతిలో పెట్టాడు. షోరూము ధర, లైఫ్ టాక్సు, రిజిస్ట్రేషను, ఇన్సూరెన్సు - ఇంతవరకూ బాగానే ఉంది. వాటి కింద "హేండ్లింగ్ చార్జీలు" అనీ, "ఎసెన్షియల్ కిట్" అనీ రెండు పద్దులు. అవేమిటని అడుగుదామనుకున్నాను. లక్షలు పోసి కారు కొంటూ వేల దగ్గర పేచీ పెడితే ఏమనుకుంటాడో అని సిగ్గుపడ్డాను. సంతకం పెట్టేశాను. ఇంటికొచ్చి కిట్టు విప్పి చూస్తే, కాళ్ళ కింద వేసే పట్టాలూ, తుడుచుకునే గుడ్డా, ఓ సువాసన సీసా!

డల్లాస్‌లో ఉన్న మా అక్క కూతురికి ఫోనులో ఈ గోడు వెళ్ళబోసుకున్నాను. అది నవ్వి, "ఇక్కడా అంతే పిన్నీ! కాకపోతే మాకు కారు అద్దం మీద ధరల కాగితం అంటించి ఉంటుంది. దాన్ని మన్రోనీ అంటారు" అంది.

మన్రోనీ! ఇదేదో తినుబండారం పేరులా ఉందే అనుకున్నాను. బి.ఎ.లో చరిత్ర చదివిన పాపానికి అంతటితో ఊరుకోలేక, పుస్తకాలు తిరగేశాను. తీరా చూస్తే అది ఓ మనిషి పేరు.

ఆ కథ తెలియాలంటే రెండో ప్రపంచ యుద్ధం దగ్గరికి వెళ్ళాలి. 1942 ఫిబ్రవరిలో అమెరికాలో మామూలు జనం కోసం కార్లు తయారుచేయడం ఆపేశారు. ఆ కర్మాగారాలన్నీ యుద్ధ సామగ్రికి మళ్ళాయి. 1945లో మళ్ళీ కార్లు మొదలయ్యేసరికి జనం ఆవురావురుమంటున్నారు. సరుకు తక్కువ, గిరాకీ ఎక్కువ. అలాంటప్పుడు అమ్మేవాడు చెప్పిందే ధర. మన దేశంలో స్కూటరు కోసం ఏళ్ళ తరబడి కాచుకున్న రోజులు మీ నాన్నగారినడిగితే చెబుతారు.

తర్వాత కార్లు కుప్పలుతెప్పలుగా వచ్చాయి. 1950ల మధ్యకి ఫోర్డు, షెవర్లే కంపెనీలు పోటీలు పడి డీలర్ల మీదికి సరుకు తోశాయి. ఇక ధరలు తగ్గాయనుకుంటున్నారా? తగ్గినట్టు కనిపించాయి. అక్కడే ఉంది కిటుకు.

కొత్త కారు అసలు ధర 2,500 డాలర్లు, మీ పాత కారు 500 చేస్తుంది అనుకోండి. డీలరు కొత్తదాని ధర 2,900 అని చెప్పి, "మీ పాతది ఎంత శుభ్రంగా ఉందండీ! 900కి తీసుకుంటాను" అనేవాడు. మీరు కట్టేది ఎలా చూసినా 2,000 డాలర్లే. కాని ఇంటాయన ఛాతీ పొంగించుకుని, "చూశావా, నా బేరం!" అనేవాడు. ఏ పాత కారూ లేని అమాయకుడు వచ్చాడా, వాడి నెత్తిన మాత్రం పూర్తిగా 2,900 పడేది.

దీనికి తోడు రవాణా ఖర్చు. కారు కాలిఫోర్నియాలోనే తయారై, అక్కడే అమ్ముడైనా, వేల మైళ్ళ అవతలి డిట్రాయిట్ నుంచి మోసుకొచ్చినట్టు కిరాయి వేసేవారు. దానికి జనం పెట్టిన పేరు 'దయ్యం కిరాయి'. ఎవరూ ఎక్కని రైలుకి టిక్కెట్టు కొట్టడమన్నమాట!

ఇదంతా చూసి ఊరుకోలేకపోయినాయన ఓక్లహోమా రాష్ట్రపు సెనేటర్ మైక్ మన్రోనీ. 1902లో పుట్టాడు. కొన్నాళ్ళు పత్రికా విలేకరిగా పనిచేశాడు. 1928లో ఫర్నిచరు దుకాణం బాధ్యత నెత్తినేసుకున్నాడు. అంచేత ప్రశ్నలు వెయ్యడమూ తెలుసు, కౌంటరు వెనక ఏం జరుగుతుందో అదీ తెలుసు. కార్ల అమ్మకంలో పద్ధతుల మీద సెనేట్ ఉపసంఘం విచారణ ఆయన అధ్యక్షతనే జరిగింది. దాని ఫలితంగా 1958 జులైలో చట్టం వచ్చింది. 1959 మోడళ్ళ నుంచి ప్రతి కొత్త కారు అద్దానికీ తయారీదారు ఓ కాగితం అంటించాలి. కంపెనీ సూచించిన ధర ఎంత, అదనపు హంగులు ఒక్కొక్కటీ ఎంత, ఎక్కడ తయారైంది, ఎలా వచ్చింది, కిరాయి ఎంత - అన్నీ అందులో ఉండాలి. కొన్నవాళ్ళ చేతికి కారు వచ్చేదాకా దాన్ని ఎవరూ పీకకూడదు. పీకితే వెయ్యి డాలర్ల దాకా జరిమానా, ఏడాది దాకా జైలు.

దయ్యం కిరాయి ఆ విధంగా వెలుగులోకి వచ్చింది. కాని అసలు సంగతి గమనించారా? ఆ ధర కంపెనీ 'సూచించిన' ధర మాత్రమే. అంతకే అమ్మాలని చట్టం చెప్పలేదు. కొంచెం సందు దొరికితే చాలదూ! 1981లో జపాను కార్ల దిగుమతికి ఏడాదికి 16 లక్షల 80 వేలని హద్దు పెట్టేసరికి వాటికి కరువొచ్చింది. డీలర్లు మన్రోనీ పక్కనే తమ సొంత కాగితం ఇంకోటి అంటించి, వందల డాలర్లు చేర్చారు.

అన్నిటికన్నా నన్ను ఆపేసిన సంగతి 1991 నాటిది. ఇయాన్ ఏర్స్ అనే న్యాయశాస్త్రం ప్రొఫెసరు షికాగో చుట్టుపక్కల డీలర్ల దగ్గరికి మనుషుల్ని పంపాడు. అందరికీ ఒకే మాటలు, ఒకే బేరం నేర్పించాడు. అద్దాల మీద కాగితాలు ఎప్పట్లాగే ఉన్నాయి. అయినా తెల్ల మగవాళ్ళ దగ్గర డీలరు వేసుకున్న లాభం కంటే తెల్ల ఆడవాళ్ళ దగ్గర 40 శాతం ఎక్కువ అడిగారు. నల్ల మగవాళ్ళ దగ్గర రెండింతలకు పైన. నల్ల ఆడవాళ్ళ దగ్గర మూడింతలకు పైన!

అది చదివాక నా షోరూము కుర్రాడి మెడ గుర్తొచ్చింది. ధర దాచినప్పుడు అందరూ ఒకేలా మోసపోరు. 'ఈవిడకేం తెలుస్తుందిలే' అని ఎవర్ని అనుకుంటారో వాళ్ళకే బిల్లు పెరుగుతుంది. అడగడానికి సిగ్గుపడటం మన పెంపకంలో మర్యాద అంటారు. వాళ్ళ లెక్కల్లో దానికి ఖరీదు కట్టి ఉంటుంది.

అమెరికాలో ఈ కథ ఇంకా నడుస్తూనే ఉంది. 'డాక్యుమెంట్ ఫీజు' అని అక్కడ ఒకటుంది. కొన్ని రాష్ట్రాల్లో దానికి హద్దుంది, కొన్నింట్లో లేదు. ప్రకటించే ధర అసలు ధరే అయ్యుండాలనీ, పనికిరాని తోకలు తగిలించకూడదనీ 2023 డిసెంబరులో ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఒక నిబంధన చేసింది. డీలర్ల సంఘాలు కోర్టుకెళ్ళాయి. తయారుచేసిన పద్ధతి సరిగా లేదని 2025 జనవరిలో కోర్టు దాన్ని కొట్టేసింది.

మన సంగతి? సబ్బు బిళ్ళ మీద అన్ని పన్నులతో కలిపి ధర అచ్చేసి ఉంటుంది. లక్షల కారుకి ఒక ధర ప్రకటనలో, ఇంకోటి రోడ్డెక్కేటప్పుడు. పన్నూ, రిజిస్ట్రేషన్ ఫీజూ ప్రభుత్వానివి, తప్పవు. ఇన్సూరెన్సు మనకి నచ్చిన కంపెనీలో తీసుకోవచ్చు. హేండ్లింగ్ చార్జీ మాత్రం పన్నూ కాదు, ఫీజూ కాదు. మన సిగ్గు మీద వేసిన వడ్డన!

మొన్నామధ్య మా ఆడపడుచు కారు కొంటుంటే నేనూ వెళ్ళాను. మగవాళ్ళెవర్నీ తీసుకెళ్ళలేదు. కాగితం రాగానే చివరి పద్దు దాకా చదివి, ఒక్కొక్క దాని మీదా వేలు పెట్టి, "ఇది ప్రభుత్వానికా, మీకా?" అని అడిగాను. ఆ అబ్బాయి అలవాటు కొద్దీ 'సార్' కోసం అటూ ఇటూ చూశాడు. లేరు. లోపలికెళ్ళి మేనేజరుతో మాట్లాడి వచ్చి హేండ్లింగ్ చార్జీ కొట్టేశాడు. కిట్టు మాకొద్దన్నాం, అదీ కొట్టేశాడు. అంతే. ఆకాశమేమీ విరిగి పడలేదు.

బయటికొచ్చాక మా ఆడపడుచు, "వదినా, ఇంక వంకాయలకి నేనొస్తాలే. నువ్వు కార్లకి రా!" అంది.