43 వేల మంది.. ఒక కాగితం

2020 మార్చి 15, ఆదివారం రాత్రి. అమెరికాలోని ఫ్లోరిడా రాష్ట్రం, ఒర్లాండో శివార్లలోని వాల్ట్ డిస్నీ వరల్డ్. మేజిక్ కింగ్‌డమ్ పార్కు ముంగిట ఉన్న రైల్వే స్టేషన్ మేడ మీద మిక్కీ, మిన్నీ నిలబడి, ఇంటిదారి పట్టిన జనానికి చేతులు ఊపుతున్నారు. కరోనా వల్ల నెలాఖరు దాకా మూసేస్తున్నామని కంపెనీ మూడు రోజుల ముందే ప్రకటించింది. ఎంత, రెండు వారాలే కదా!

ఆ రెండు వారాలు కాస్తా దాదాపు నాలుగు నెలలయ్యాయి. గేట్లు మళ్లీ తెరుచుకునేసరికి జులై 11 వచ్చింది. ఈలోగా ఆ వేషాల వెనకున్న మనుషులకు, వాళ్లతోపాటు గిన్నెలు తోమేవాళ్లకు, హోటల్ గదులు సర్దేవాళ్లకు ఏం జరిగిందన్నదే ఈ గాథ. పని పూర్తిగా ఆగిపోయిన వేళ యజమాని, యూనియన్ ఎదురెదురుగా కూర్చుంటే ఏం దక్కుతుందో, ఏం దక్కదో రెండూ ఇందులో ఉన్నాయి.

పాత పగ.. కొత్త బేరం

డిస్నీ వరల్డ్‌లో అప్పట్లో పనిచేసేవాళ్లు సుమారు 77 వేల మంది. అమెరికాలో ఒకేచోట అంతమందికి ఉపాధినిచ్చే సంస్థ ఇంకొకటి లేదంటారు. చీపురు పట్టినా, రాకుమారి వేషం కట్టినా కంపెనీ లెక్కలో అందరూ ‘కాస్ట్ మెంబర్లే’. వీళ్లలో 43 వేల మంది తరఫున బేరమాడే హక్కు సర్వీస్ ట్రేడ్స్ కౌన్సిల్ యూనియన్‌ది. ఆరు యూనియన్లు కలిసిన కూటమి అది. మిక్కీ వేషం వేసేవాళ్లది లారీ డ్రైవర్ల యూనియన్‌గా పేరుపడ్డ టీమ్‌స్టర్స్. గదులు శుభ్రం చేసేవాళ్లు, వంటవాళ్లు, రైడ్లు నడిపేవాళ్లలో చాలామంది యునైట్ హియర్ కింద ఉంటారు. ఫ్లోరిడాలో యూనియన్‌లో చేరి తీరాలన్న బలవంతం లేదు. చందా కట్టినా, కట్టకపోయినా కుదిరిన ఒప్పందం మాత్రం అందరికీ వర్తిస్తుంది.

కంపెనీకీ ఈ కూటమికీ మధ్య పెద్ద సఖ్యతేమీ లేదు. 2018లో వేతన చర్చలు సాగుతున్నప్పుడు, మిగతా ఉద్యోగులకు ఇచ్చిన వెయ్యి డాలర్ల బోనస్‌ను వీళ్లకు ఆపేశారు. ఒప్పందం మీద సంతకం పెట్టాకే ఇస్తామన్నారు. చివరికి ఆ ఏడాది సెప్టెంబరులో రాజీ కుదిరింది. గంటకు 10 డాలర్లున్న కనీస వేతనం అంచెలంచెలుగా పెరిగి 2021 నాటికి 15 డాలర్లవ్వాలి. మహమ్మారి వచ్చిపడేసరికి ఆ మెట్లలో 13 డాలర్ల దగ్గర ఉన్నారు.

తొమ్మిది రోజుల బేరం

మార్చి 27న కంపెనీ రెండో ప్రకటన చేసింది. పార్కులు ఎప్పుడు తెరుస్తామో చెప్పలేం, ఏప్రిల్ 18 దాకా మాత్రం జీతాలిస్తాం అని. ఏప్రిల్ 2న అసలు మాట బయటికొచ్చింది. 19వ తేదీ నుంచి, తప్పనిసరి కాని సిబ్బంది అందరికీ ఫర్లో. పేరు రిజిస్టరులో ఉంటుంది. పని ఉండదు, జీతం ఉండదు. తెరిచినప్పుడు పిలుస్తారు. ఆరోగ్య బీమా మాత్రం ఆపబోమని అదే ప్రకటనలో చెప్పారు.

బీమా ఇస్తామన్నారు, మళ్లీ పిలుస్తామన్నారు. ఇక కూర్చుని మాట్లాడేదేముంది అని ఎవరికైనా అనిపిస్తుంది. యూనియన్ నాయకులకు అలా అనిపించలేదు. ప్రకటన కంపెనీ సొంత మాట. పరిస్థితి బాగాలేదంటూ వచ్చే నెల ఇంకో ప్రకటన ఇవ్వొచ్చు, అడిగే దిక్కుండదు. ఇద్దరూ సంతకాలు పెట్టిన కాగితమైతే, మాట తప్పినవాడిని మధ్యవర్తి ముందుకు ఈడ్చవచ్చు.

అయితే యూనియన్ చేతిలో ఆయుధాలేమీ లేవు. మూతపడ్డ చోట సమ్మె చేస్తే ఎవరికి నష్టం? ఒక్క టికెట్ కూడా అమ్ముడుపోని కంపెనీని పూర్తి జీతం అడిగితే వచ్చే జవాబు ముందే తెలుసు. అందుకని జీతం సంగతి పక్కనబెట్టి, తిరిగొచ్చే దారి మీద పట్టుబట్టారు.

ఆ దారి విలువ తెలియాలంటే, హోటల్లో గదులు సర్దే పనిలో పదిహేనేళ్ల సర్వీసున్న మనిషిని ఊహించుకోండి. ఆమెకు ఏ షిఫ్టు పడాలి, పండగకు సెలవు దొరుకుతుందా, మూసివేత తర్వాత మొదట ఎవరికి ఫోన్ రావాలి.. అన్నీ తేలేది సీనియారిటీ జాబితాలోనే. తీసేసి మళ్లీ కొత్తగా చేర్చుకున్నారంటే ఆ పదిహేనేళ్లూ గల్లంతే. గంట రేటు మళ్లీ మొదటి మెట్టు నుంచి మొదలు. ఇక బీమా. అమెరికాలో సుమారు సగం జనాభాకు వైద్య బీమా ఉద్యోగంతోనే ముడిపడి ఉంటుంది. అంటురోగం ఊరంతా తిరుగుతున్న రోజుల్లో ఆ ముడి తెగితే ఆసుపత్రి బిల్లు నెత్తిన పడుతుంది.

ఏప్రిల్ 11, ఈస్టర్ ముందురోజు. ఒప్పందం కుదిరిందని యూనియన్ ప్రకటించింది. ఫర్లో ఎంతకాలం సాగితే అంతకాలం, గరిష్ఠంగా ఏడాది దాకా వైద్యం, పళ్లు, జీవిత బీమా కొనసాగుతాయి. ఉద్యోగి వాటాగా కట్టాల్సిన ప్రీమియం కూడా కంపెనీయే కడుతుంది. తిరిగొచ్చేనాటికి సీనియారిటీ, గంట రేటు చెక్కుచెదరకుండా ఉండాలి. మూసివేతలోనూ చేయక తప్పని పనులకు 200 మంది ఉంటారు. వాళ్లను ఎంచేది సూపర్‌వైజర్ ఇష్టాన్ని బట్టి కాదు, సీనియారిటీని బట్టి. దేశంలో మరెక్కడా ఇంత గట్టి రక్షణతో ఫర్లో ఒప్పందం దాదాపు లేదని యూనియన్ చెప్పుకుంది. జీతం మాత్రం ఆ కాగితంలో ఎక్కడా లేదు.

తెరుచుకోని వెబ్‌సైట్

ఏప్రిల్ 19 నుంచి ఆ 43 వేల ఇళ్ల బరువు కంపెనీ నుంచి రాష్ట్ర ప్రభుత్వం మీదికి వచ్చింది. ప్రభుత్వం దాన్ని మోసే స్థితిలో లేదు. నిరుద్యోగ భృతి దరఖాస్తుల కోసం ఫ్లోరిడా ఏడున్నర కోట్ల డాలర్లకు పైగా పోసి 2013లో ‘కనెక్ట్’ అనే వెబ్‌సైట్ తెరిచింది. 2020 ఏప్రిల్ నాటికి అది కుప్పకూలింది. పేరు కొట్టి, చిరునామా కొట్టి, సోషల్ సెక్యూరిటీ నంబరు కొట్టి తర్వాతి పేజీకి వెళ్లబోతే తెర తెల్లబోయేది. మళ్లీ మొదటి నుంచీ కొట్టాలి. మయామీ పక్కన హయలియా పట్టణంలో కాగితం ఫారాలు పంచుతున్నారని తెలిసి జనం లైబ్రరీ ముందు బారులు తీరారు. దూరం పాటించమని ఊరంతా చాటుతున్న రోజుల్లో ఒకరి భుజం మీద ఒకరు. ఏప్రిల్ మధ్యలో గవర్నర్ రాన్ డిశాంటిస్ ఆ వ్యవస్థ పర్యవేక్షణను వేరే అధికారికి అప్పగించారు. మనిషి విసిగి వదిలేసేలా ఇందులో పనికిమాలిన అడ్డంకులు పెట్టారని తర్వాత ఆయనే ఒప్పుకున్నారు.

దరఖాస్తు దాటిందే అనుకుందాం. ఫ్లోరిడా ఇచ్చే భృతి వారానికి గరిష్ఠంగా 275 డాలర్లు, అదీ 12 వారాలే. మార్చి 27న అమెరికా ప్రభుత్వం తెచ్చిన కేర్స్ చట్టం దానికి వారానికి 600 డాలర్లు కలిపింది. ఇక్కడో వింత. గంటకు 13 డాలర్ల చొప్పున 40 గంటలు పనిచేస్తే చేతికొచ్చేది పన్నులు తీయకముందు 520 డాలర్లు. ఇంట్లో కూర్చుంటే 875! భృతి ఎక్కువైందని కొందరు రాజకీయ నాయకులు గొణిగారు. జీతం అంత తక్కువా అని యూనియన్లు ఎదురడిగాయి. జులై నెలాఖరుతో ఆ 600 ఆగిపోయింది. మిగిలింది 275.

పార్కులకు ఆగ్నేయాన కిసిమీ ఊరి మీదుగా సాగే 192 నంబరు రోడ్డు పొడుగునా చవక మోటళ్లు ఉంటాయి. ఇల్లు అద్దెకు తీసుకోవాలంటే ముందే కట్టాల్సిన అడ్వాన్సు పోగుచేయలేని కుటుంబాలు అక్కడ వారం వారం అద్దె కడుతూ ఏళ్ల తరబడి కాపురం చేస్తుంటాయి. పర్యాటకం మీద బతికే కూలీలే ఎక్కువ. ఆ ప్రాంతం ఉన్న ఆసియోలా కౌంటీలో మే నెలలో నిరుద్యోగం 30 శాతం దాటింది. భృతి నెలాఖరుకు రావచ్చు. మోటల్ అద్దె శుక్రవారానికి కట్టాలి.

పైవాళ్లు, కిందివాళ్లు

కష్టాన్ని అందరం పంచుకుంటున్నామని చూపించడానికి కంపెనీ మార్చి 30నే ఒక ప్రకటన చేసింది. ఛైర్మన్ బాబ్ ఐగర్ జీతం వదులుకున్నారు. సీఈఓ బాబ్ చాపెక్ సగం తగ్గించుకున్నారు. కానీ ఆ స్థాయిలో ఆదాయం జీతం కన్నా బోనస్‌లు, షేర్లలోనే ఎక్కువ. కంపెనీ వ్యవస్థాపకుల్లో ఒకరైన రాయ్ డిస్నీ మనవరాలు అబిగేల్ డిస్నీ ఏప్రిల్‌లో ట్విటర్‌లో కంపెనీ పెద్దల మీద విరుచుకుపడ్డారు. కూలీలకు జీతం ఆపి, షేర్‌హోల్డర్లకు డివిడెండు ఎలా ఇస్తారని ఆమె నిలదీశారు. మే 5న కంపెనీ ఆ అర్ధ సంవత్సరపు డివిడెండును రద్దు చేసింది.

తెరిచే రోజు దగ్గరపడేకొద్దీ తగువు జీతం నుంచి ప్రాణం మీదికి మళ్లింది. మాస్కులు, జ్వరం పరీక్ష, దూరం, అద్దాల అడ్డుతెరలు.. వీటిపై మే నెలలో కూటమి, కంపెనీ రాజీకొచ్చాయి. వేదిక మీద ఆడిపాడే సుమారు 750 మంది కళాకారుల సంఘం యాక్టర్స్ ఈక్విటీ మాత్రం కరోనా పరీక్షలు చేయిస్తేనే వస్తామంది. మాస్కు పెట్టుకుని పాడలేరు కదా! కంపెనీ వాళ్లకు పంపిన పిలుపును వెనక్కి తీసుకుంది. వాళ్లు లేకుండానే జులై 11న తెరిచింది. మర్నాడు ఫ్లోరిడాలో ఒక్కరోజే 15,299 కేసులు. అప్పటికి ఏ అమెరికా రాష్ట్రంలోనూ అన్ని రాలేదు. ఆగస్టులో పరీక్షా కేంద్రం ఏర్పాటయ్యాక కళాకారులూ ఒప్పుకున్నారు.

సెప్టెంబరు 29

జనం వస్తారనుకున్నంత రాలేదు. కాలిఫోర్నియాలోని డిస్నీల్యాండ్‌కు ఆ రాష్ట్రం అనుమతే ఇవ్వలేదు. సెప్టెంబరు 29న పార్కుల విభాగం అధిపతి జోష్ డమారో ఉద్యోగులకు లేఖ రాశారు. 28 వేల మందిని తీసేస్తున్నాం అని. వాళ్లలో 67 శాతం పార్ట్‌టైమ్ వాళ్లు. ఫ్లోరిడాలో యూనియన్ కింద ఉన్న పార్ట్‌టైమ్ వాళ్లే ఎనిమిది వేలకు పైగా. పండగ రోజుల్లో, పిల్లల సెలవుల్లో పార్కు నడిచేది వాళ్ల చేతుల మీదే. బేరం తగ్గగానే కూరలో కరివేపాకులా తీసి పక్కన పెట్టారు. నవంబరుకల్లా ఆ లెక్క 32 వేలకు పెరిగింది. ఏప్రిల్ ఒప్పందం ఫర్లోకు కంచె కట్టింది గానీ, ఉద్యోగాల కోతను అడ్డుకోలేకపోయింది.

ఫ్లోరిడాలో పార్కులు మూతపడిన ఆ రోజుల్లోనే మన దేశంలో ఏం జరిగింది? మార్చి 29న కేంద్ర హోంశాఖ, కార్మికులకు కోత లేకుండా జీతాలు ఇవ్వాల్సిందేనని విపత్తు నిర్వహణ చట్టం కింద ఆదేశించింది. వినడానికి ఫ్లోరిడా ఒప్పందం కన్నా వందరెట్లు మేలు. యజమానులు సుప్రీంకోర్టుకు వెళ్లారు. మే 17 తర్వాత ఆదేశం అమల్లో లేకుండా పోయింది. జూన్ 12న కోర్టు, యజమానులపై బలవంతపు చర్యలు వద్దంటూ, ఆ కాలపు జీతాల గురించి కార్మికులతో కూర్చుని మాట్లాడుకోమంది. మాట్లాడటానికి అప్పటికి కార్మికులేరీ? కాంట్రాక్టు కూలీలు, వలస కూలీలు మూటాముల్లె సర్దుకుని రోడ్డున పడి ఊళ్లకు వెళ్లిపోయారు. వాళ్ల తరఫున కూర్చునే సంఘమే చాలాచోట్ల లేదు. ఇక తెలుగు రాష్ట్రాల్లో ప్రభుత్వాలే యజమానులై, ఎవరితోనూ మాట్లాడకుండా ఒక్క జీఓతో చాలామంది ఉద్యోగుల మార్చి జీతంలో సగం వాయిదా వేశాయి. ఆంధ్రప్రదేశ్‌లో ఆ బకాయిల మీద 6 శాతం వడ్డీ కట్టాలని సుప్రీంకోర్టు చెప్పేసరికి 2021 ఫిబ్రవరి వచ్చింది.

ఫ్లోరిడా కార్మికులు గెలిచారని ఎవరూ అనలేరు. జీతం పోయింది, వేలమందికి తర్వాత ఉద్యోగమూ పోయింది. కానీ ఫర్లో మొదలవకముందే తమ స్థానం, తమ బీమా, తమ గంట రేటు ఏమవుతాయో వాళ్ల దగ్గర రాతపూర్వకంగా ఉంది. అది తొమ్మిది రోజుల్లో రాయించుకోగలిగారంటే, విపత్తుకు ఎన్నో ఏళ్ల ముందే అక్కడో సంఘం, దానికో ఒప్పందం, ఆ ఒప్పందంలో ఒక సీనియారిటీ జాబితా ఉన్నాయి కాబట్టే. విపత్తు వచ్చాక సంఘం పెట్టుకుందామంటే కుదరదు. మీరు పనిచేసే చోట రేపు షట్టర్ దించితే మిమ్మల్ని ఏ వరసలో వెనక్కి పిలుస్తారో, అప్పటిదాకా బీమా, పీఎఫ్ ఎవరు కడతారో ఎక్కడైనా రాసి ఉందా? లేకపోతే, పని నడుస్తున్న ఈ రోజుల్లోనే అడిగి రాయించుకోండి.