దానమునకు సాక్ష్యము: తామ్రశాసనము మొదలు బ్లాక్‌చైను వఱకు



మన వార్షిక మహాసభా సంచికయందు దాతల పట్టికయు, ఆదాయవ్యయముల పట్టికయు ప్రతివత్సరమును అచ్చగుచున్నవి. చదువరులు మొదటి పట్టికను శ్రద్ధతో చూతురు. తమ పేరును, తమ వియ్యంకుల పేరును వెదకికొని, వారి పేరున కెదురుగా నున్న మొత్తమును తమ మొత్తముతో సరిచూచుకొని పుట త్రిప్పుదురు. రెండవ పట్టికను చదువువారు మిక్కిలి అరుదు. ఈ రెండు పట్టికల చరిత్రమే యీ వ్యాసమునకు విషయము. మన యువకులలో, ముఖ్యముగా విదేశములందు కంప్యూటరు వృత్తిలో నున్నవారిలో, కొందఱు ధర్మనిధుల లెక్కలను బ్లాక్‌చైను అను క్రొత్తవిధమైన లెక్కపుస్తకమున నుంచవలెనని కోరుచున్నారు. ఆ కోరిక యోగ్యమగునా కాదా యని తేల్చుటకు ముందు, మన పూర్వులు దానమునకు సాక్ష్యము నెట్లు నిలిపిరో తెలిసికొనుట యుక్తము.

ఆంధ్రదేశమున చందాదారుల పట్టిక మిక్కిలి పురాతనమైనది. కృష్ణాతీరప్రాంతమునందలి భట్టిప్రోలు స్తూపమున 1892లో అలెగ్జాండరు రీ దొర త్రవ్వించినపుడు ధాతువులుంచిన ఱాతి కరండములు బయల్పడినవి. క్రీస్తునకు పూర్వము రెండు మూడు శతాబ్దుల నాటి లిపిలో ఆ కరండములపై గోష్ఠిసభ్యుల పేర్లును, నిగమసభ్యుల పేర్లును వరుసగా చెక్కబడియున్నవి. కుబీరకు డను రాజు పేరు నందున్నది. కాని పేర్లలో హెచ్చుభాగము సభ్యులవే. ఒక సంఘమువారు కూడి ఒక ధర్మకార్యమును చేసి, తమ పేర్లను ఱాతిపై నెక్కించుకొనిరన్నమాట! అమరావతీ స్తూపమునకు విధికు డను చర్మకారుడు తన కుటుంబముతో గూడి పూర్ణఘటము చెక్కిన శిల నొకదానిని సమర్పించి, తన వృత్తిని దాచక శాసనమున వ్రాయించెను. రెండువేల యేండ్లకు సమీపించిన ఆ శిలను చూచినపుడెల్ల, దాతయొక్క గౌరవమును అతని వృత్తినిబట్టి కొలుచు నలవాటు మనలో తరువాతి కాలమున ప్రవేశించిన వ్యాధియేమో యని నాకు తోచుచుండును. అది ప్రస్తుతము కాదు గనుక విడిచెదను.

ఱాయి గుడియందే నిలుచును. భూదానము పొందినవాడు తన యింట దాచుకొనదగిన సాక్ష్యము వేఱు కావలసివచ్చెను. అదియే తామ్రశాసనము. వేంగి నేలిన తూర్పుచాళుక్యుల శాసనములను చూడుడు. పలుచని రాగిఱేకులు కొన్ని. ప్రతిఱేకునకును ఒక రంధ్రము. రంధ్రములన్నిటి గుండ పోవు ఒక వలయము. ఆ వలయపు కొనలు రెండును కలిసిన చోట పోతపోసిన రాజముద్ర. ముద్రపై వరాహలాంఛనమును, శ్రీత్రిభువనాంకుశ యను బిరుదాక్షరములును ఉండును. నడుమనొక ఱేకును తీసివేయవలెనన్నను, క్రొత్తఱేకు నొకదానిని దూర్పవలెనన్నను, వలయమును కోయకతప్పదు. కోసినచో గుఱుతు కనబడును. ఆ శాసనములను ప్రకటించిన పండితులే అచ్చు తీసికొనుటకై కొన్ని వలయములను కోయవలసివచ్చినది. ఈ వలయమును చదువరులు జ్ఞప్తియందుంచుకొందురు గాక. మరల దీనితో పని పడును.

వలయ మెంత గట్టిదైనను కూటశాసనములు పుట్టకమానలేదు. ఒక్క ఱేకును మార్చుట కష్టమైనచో, మొత్తము ఱేకులను, వలయమును, ముద్రను క్రొత్తగా కల్పించువారు బయలుదేఱిరి. పూర్వరాజుల పేర్లతో పుట్టిన యిట్టి శాసనములను ఫ్లీటు దొర మొదలగు పరిశోధకులు లిపిని, తిథులను శోధించి పట్టుకొనిరి. మన పూర్వులకు ఈ భయము లేకపోలేదు. కావుననే శాసనాంతమున శాపమును చేర్చిరి. తా నిచ్చినదైనను పరు లిచ్చినదైనను దానభూమి నపహరించువాడు అఱువదివేల యేండ్లు పురుగై పుట్టునని దాని తాత్పర్యము. నేడు ఆడిటరు చేయవలసిన పనిని ఆ కాలమున నరకభయము చేయుచుండెను. రెండింటిలో నేది సమర్థముగా పనిచేసినదో చెప్పుట కష్టము.

ఇంతవఱకు చెప్పిన సాక్ష్యములన్నియు ఎవ రిచ్చిరి, ఏమి యిచ్చిరి, ఎల్ల లేవి యను ప్రశ్నలకు మాత్రమే బదులు చెప్పును. ఎట్లు వ్యయపఱుపవలెనో చెప్పిన శాసనములలో మల్కాపురశాసనము ముఖ్యమైనది. ఇది శకవర్షము 1183, అనగా క్రీ.శ. 1261 నాటిది. కాకతి గణపతిదేవుడు తన గురువగు విశ్వేశ్వరశంభువునకు కృష్ణాతీరమందలి మందడమును ఇయ్య సంకల్పించెను. ఆయన కుమార్తె రుద్రమదేవి దానిని వెలగపూడితో గూడ ధారవోసెను. ఆ యాదాయమును భాగములు గావించి, ప్రసూతిశాలకును, ఆరోగ్యశాలకును, అన్నసత్రమునకును, మఠవిద్యార్థులకును ఏర్పాటుచేసిరి. వేదములు చెప్పు ఆచార్యులు, వైద్యుడు, వంటవారు మొదలగువా రెవరెవరుండవలెనో కూడ వ్రాసిరి. ఆ పరివారములో లెక్కలు వ్రాయుటకు కాయస్థు నొకనిని పేర్కొనుట మఱువలేదు. ధర్మసంస్థకు గణకుడు వైద్యునివలెనే అవసరమని ఆ శాసనకర్త యెఱుగును. ఆ వెలగపూడియందే 2016 మొదలు ఆంధ్రప్రదేశ సచివాలయము పనిచేయుచున్నది. భూమిలెక్కలను బ్లాక్‌చైను పద్ధతిని భద్రపఱచు ప్రయత్నమును ఆ ప్రభుత్వమే 2017లో ఆరంభించుట కాకతాళీయమే యైనను, ముచ్చట గొలుపు విషయము.

కాని మల్కాపురశాసనముకూడ ఒక ప్రశ్నకు బదులు చెప్పదు. మఱుసటి సంవత్సరమున ఆ ప్రసూతిశాలకు నిజముగా ధాన్యము చేరినదా? ఆ కాయస్థుడు వ్రాసిన లెక్క లెందున్నవి? ఱాతిపై దాతల సంకల్పము నిలిచినది. తాటాకుపై గణకుని లెక్క నశించినది.

ఈ భేదము నాకు పుస్తకములవలన తెలిసినది కాదు. నేను చదువుకొనునాడు ఒక జిల్లాకేంద్రమున దాతల చందాలతో నడచు వసతిగృహమునం దుంటిని. ముంగిట పాలఱాతిపై దాతల పేర్లు బంగారు రంగుతో మెఱయుచుండెను. ఒక వత్సరము పరీక్షలకు రెండుమాసములు ముందు, డబ్బులేదని భోజనశాలను మూసివేసిరి. చందాలు వసూలైనవని మా యందఱికిని తెలియును. ఆ వత్సరము మా గ్రామస్థులే కొంత మొత్త మిచ్చి రసీదు పొందియుండిరి. లెక్కలడుగగా పుస్తకములు పాత కోశాధికారి వద్ద నున్నవనిరి. ఆయన యింటికి పోగా, ఎప్పుడో అప్పగించితిమనిరి. ఎవరు తినిరో నేటికిని నేనెఱుగను; ఎవరును తినక, కేవలము అశ్రద్ధచే పోయెనేమో, అదియు నెఱుగను. నా గదిలోని సహాధ్యాయి యొకడు పెట్టె నెత్తికొని తన యూరికి పోయెను. పరీక్షకు రాలేదు, తరువాతను చదువలేదు. పాలఱాతిపైని పేర్లలో ఒక్కయక్షరమైనను చెడలేదు.

తెల్లవారి పాలనలో ధర్మాదాయములను చట్టముచే కాపాడు యత్నములు జరిగినవి. మదరాసు ప్రభుత్వము 1817లో ఏడవ రెగ్యులేషను వలన దేవాలయ సత్రముల పర్యవేక్షణమును రెవిన్యూబోర్డునకు అప్పగించెను. తిరుమల వ్యవహారమునకు 1821లో బ్రూసు కోడు అను నిబంధనావళి యేర్పడెను. 1843లో కుంపిణీవారు ఆ భారమును వదలుకొని హాథీరాంజీమఠమువారికి అప్పగించిరి. 1933లో దేవస్థానముల కమిటీ వచ్చెను. పానుగంటి రామరాయణింగారు, అనగా పానగల్లు రాజావారు, 1922లో ప్రవేశపెట్టిన హిందూ ధర్మాదాయముల బిల్లు పెక్కు వాదములపిమ్మట చట్టమై, 1927లో స్థిరరూపమును పొందెను. మనవంటి సంఘములకు 1860 నాటి సంఘముల రిజిస్ట్రేషను చట్టమే మొదట ఆధారము. ఈ చట్టములవలన లెక్కలు ఏటేట అధికారులకు చేరుట కలిగినది. దాతకు మాత్రము తన రూపాయి యేమైనదో కనబడలేదు.

ఇక బ్లాక్‌చైను విషయము. దీనిని ఏదో నాణెముల జూదమని తలచువారు పెక్కుమంది కలరు. దీని మూలము నాణెము కాదు. పత్రములను దిద్దకుండ కాపాడుట. 1991లో అమెరికాయందు స్టూవర్టు హేబరు, స్కాటు స్టార్నెట్టా యను ఇరువురు శాస్త్రజ్ఞులు ఒక యుక్తిని ప్రకటించిరి. ఏ పత్రమునకైనను దానిలోని అక్షరములన్నిటినుండియు గణితవిధిచే చిన్న సంఖ్యాముద్ర నొకదానిని తీయవచ్చును. పత్రములో ఒక్క సున్న మారినను ముద్ర పూర్తిగా మారిపోవును. ఒక పుట ముద్రను తరువాతి పుటలో చేర్చి, ఆ పుట ముద్రను దాని తరువాతి పుటలో చేర్చుచు పోయినచో, పుటలన్నియు ఒకే వలయమున గ్రుచ్చిన రాగిఱేకులవలె నగును. నడుమ నొకదానిని మార్చినవాడు ఆ తరువాతి వన్నియు మార్చవలెను. అయినను మొత్తమును క్రొత్తగా కల్పించు కూటకర్త మిగిలియున్నాడు గదా! అందులకు వారు చేసిన ప్రతిక్రియ సామాన్యమైనది: 1995 మొదలు తమ ముద్రను వారమువారము న్యూయార్కు టైమ్సు పత్రికలో, చిన్న ప్రకటనల నడుమ అచ్చువేయించిరి. లక్షలమంది యిండ్లకు చేరిన పత్రికను ఎవడు వెనుకకు తీసికొని దిద్దగలడు?

2008లో సతోషి నకమోతో అను మాఱుపేరుగలవాడు బిట్‌కాయిను పథకమును ప్రకటించెను. 2009 జనవరిలో అది పని నారంభించెను. అందులో పత్రికకు మాఱుగా, లెక్కపుస్తకపు ప్రతియే వేలకొలది కంప్యూటర్లలో నుండును. పుస్తక మొక కోశాధికారి పెట్టెలో నుండదు గనుక, ఆయన మారినను, అలిగినను, మరణించినను పోదు.

దీనిని ధర్మకార్యమున వినియోగించిన నిదర్శనములు రెండు చెప్పెదను. ఐక్యరాజ్యసమితి ప్రపంచ ఆహార కార్యక్రమమువారు 2017లో జోర్డాను దేశపు అజ్రక్ శిబిరమున పదివేలమంది సిరియా శరణార్థుల ఆహారభత్యమును ఈ పద్ధతిని నడపిరి. శరణార్థి అంగడిలో తన కంటిని యంత్రమునకు చూపును. సరకుల వెల అతని ఖాతాలో తగ్గి లెక్క తనంతట నెక్కును. బ్యాంకు రుసుములు చాల తగ్గినవి. నాణెము లేదు, జూదము లేదు. కాని మొదట ఆ పుస్తకపు ప్రతులన్నియు ఆ యొక్క సంస్థ యధీనముననే యుండినవి. అది రాగివలయమును దాత తన పెట్టెలోనే దాచుకొన్నట్లు. ఆకలిగొన్నవాడు కన్ను చూపనని చెప్పగలడా యని కొందఱడిగిరి. వారి ప్రశ్న నాకు న్యాయముగా తోచినది.

రెండవది మనదేశమునకు సంబంధించినది. 2021 ఏప్రిలులో కోవిడు రెండవసారి ప్రబలినపుడు సందీప్ నైల్వాల్ అనువారు క్రిప్టో రిలీఫ్ అను సహాయనిధిని తెఱచిరి. మే మాసమున విటాలిక్ బ్యుటెరిన్ దానికి శిబా ఇను అను నాణెములను పంపెను. ఆనాటి ధరకు అవి సుమారు వందకోట్ల డాలర్లు. ఆ దానమును లోకమంతయు ఆ క్షణముననే బహిరంగ పుస్తకమున చూచెను. వార్త పొక్కగనే ధర పడిపోయెను. కాగితముపైని మొత్తము చేతికి రాలేదు. విదేశవిరాళముల చట్టము అడ్డుతగిలి, ధనమును వేగముగా పంచుట దుర్లభమయ్యెను. 2022లో పదికోట్ల డాలర్లు బ్యుటెరిన్‌కే తిరిగి పంపబడెను. అదియు అందఱికిని కనబడెను. ఏ ఖాతానుండి ఏ ఖాతాకు పోయెనో కనబడును. ఏ యాసుపత్రిలో ఏ రోగికి ప్రాణవాయు వందెనో ఆ పుస్తకము తనంతట చెప్పదు. మనుష్యు డొకడు చూచి వ్రాయవలెను. వ్రాసినది అబద్ధమైనచో, ఆ యబద్ధమే చెఱుగక నిలుచును.

విదేశములందలి మన దాతలు ఇచ్చట నొకటి గమనింపవలెను. భారత పౌరులుగా నుండి స్వార్జితమును బ్యాంకుద్వారా పంపువారికి విదేశవిరాళముల చట్టమువలన అడ్డులేదు. అన్యదేశ పౌరసత్వమును పొందినవారి దానము, వారు మన బిడ్డలే యైనను, విదేశవిరాళమే యగును. 2020 సవరణము ప్రకారము అట్టి ధనము మొదట ఢిల్లీలోని స్టేటుబ్యాంకు ప్రధానశాఖకే చేరవలెను. ఏ గొలుసుపుస్తకమును ఈ విధిని తప్పింపజాలదు.

కార్యనిర్వాహకవర్గమువారికి నా విన్నపము చిన్నది. నాణెముల జోలికి పోనక్కఱలేదు; ఖరీదైన యంత్రములును వలదు. ప్రతి రసీదును, ప్రతి ఖర్చుచీటిని క్రమసంఖ్యతో ఏదినమున కాదినము చిట్టా కెక్కింతురు గాక. పుటపుటకును వెనుకటి పుట ముద్రను చేర్తురు గాక. వేతనము పొందిన విద్యార్థిని పేరుతోగాక సంఖ్యతో వ్రాయవలెను. పేదఱికము చెఱుగని పుస్తకమున నెక్కదగినది కాదు. సొమ్ము ముట్టినదని ఆ విద్యార్థియు, సంఘపు పదవి లేని గ్రామస్థు డొకడును సంతకము చేయవలెను. ఏడాది చివర మిగులు ముద్ర యొక్కటే. అఱువదినాలుగు అక్షరములకు మించదు. దానిని దాతల పట్టిక క్రిందనే యీ సంచికలో అచ్చువేయింపుడు. ఈ సంచిక ప్రతు లెన్ని యూళ్లకు, ఎన్ని యిండ్లకు పోవునో, వానినన్నిటిని వెనుకకు తెచ్చి దిద్దుట ఏ కోశాధికారికిని సాధ్యము కాదు.