ఊరికే చదివే హక్కు

తోటల గురించీ, నేల గురించీ, ఎక్కడా లేని ఊళ్ళ గురించీ రాసిన పుస్తకాలంటే నాకు ఇష్టం. నవల కావచ్చు, యాత్రాకథనం కావచ్చు, ఒక నగరం తన పార్కుల్ని ఎట్లా కట్టుకుందో చెప్పే చరిత్ర కావచ్చు. అటువంటి పుస్తకం చేతిలో ఉంటే సాయంత్రం ఎట్లా గడిచిందో తెలియదు. పరిశోధన కోసం చదివినవి వేరు. వాటిలో పేజీ పేజీకీ పెన్సిల్ గీతలుంటాయి. ఇవి మాత్రం గీత పడని పుస్తకాలు. "ఇవి దేనికి చదువుతున్నావు?" అని ఎవరైనా అడిగితే నోటికొచ్చే జవాబు ఒకటే: "ఊరికే."

ఈ "ఊరికే" అనే మాట స్త్రీల విషయంలో అంత తేలికగా చెల్లదు. మగవాడు అరుగు మీద ఊరికే కూర్చుంటాడు, టీ కొట్టు దగ్గర ఊరికే నిలబడతాడు, పేపరు ఊరికే తిరగేస్తాడు. ఆడవాళ్ళం బయట కనిపించినా, పుస్తకంతో కనిపించినా ఒక కారణం చూపించాలి. మన చదువు చరిత్రంతా ఈ కారణాల చరిత్రే అని నాకనిపిస్తుంది. ఆ చరిత్రను నేను రోజూ నడిచే మూడు పేటల్లో, నారాయణగూడ, చిక్కడపల్లి, అశోక్‌నగర్‌లలో, వెతికి చూడాలని ఈ వ్యాసం.

ఈ మూడూ ఒకదానికొకటి నడక దూరంలో ఉన్నాయి. నారాయణగూడలో మాడపాటి హనుమంతరావు పేరు మీదున్న బాలికల పాఠశాల. చిక్కడపల్లిలో త్యాగరాయ గానసభ, నగర కేంద్ర గ్రంథాలయం. అశోక్‌నగర్ దాటితే ఇందిరా పార్కు. దాని పక్కనే ధర్నా చౌక్. ఎదురుగా మైదానాల్లో ఎన్నో డిసెంబర్లు పుస్తక ప్రదర్శన జరిగింది. బడి, గ్రంథాలయం, సభ, తోట, నిరసన స్థలం, పుస్తకాల సంత అన్నీ ఇంత దగ్గర దగ్గరగా ఉన్న చోట్లు మన నగరాల్లో తక్కువ.

మొదట బడి సంగతి. 1921 నవంబర్‌లో హైదరాబాదులో జరిగిన సంఘ సంస్కార మహాసభకు అధ్యక్షుడు ధోండో కేశవ్ కర్వే. స్త్రీల కోసం ప్రత్యేకంగా విశ్వవిద్యాలయం పెట్టిన మనిషి ఆయన. ఆ సభలో అల్లంపల్లి వెంకటరామారావు తెలుగులో మాట్లాడబోతే సభికులు గోల చేసి ఎగతాళి చేశారు. ఆ అవమానం నుంచే ఆంధ్ర జనసంఘం పుట్టింది. అది పెరిగి 1930లో జోగిపేటలో ఆంధ్ర మహాసభ అయింది. దానితో పాటే అక్కడ మహిళా సభ కూడా జరిగింది, నడింపల్లి సుందరమ్మ అధ్యక్షత వహించారు. తెలంగాణ చరిత్ర పుస్తకాల్లో మొదటి సంగతి ప్రతిచోటా ఉంటుంది. రెండోది చాలా చోట్ల ఒక వాక్యంతో సరిపెడతారు.

ఈ రెండింటి మధ్యలో, 1928లో, మాడపాటి హనుమంతరావు ఆడపిల్లల కోసం తెలుగు మాధ్యమంలో పాఠశాల పెట్టించారు. ఉర్దూ రాజభాషగా ఉన్న రాజ్యంలో తెలుగులో చదివిన పిల్లలకు పరీక్ష పెట్టేదెవరు? మాతృభాషలో బోధనను ఒప్పుకునే కర్వే మహిళా విశ్వవిద్యాలయమే ఆ బడికి గుర్తింపు ఇచ్చింది. నారాయణగూడలో కూర్చుని తెలుగులో చదువుకునే ఆడపిల్ల, తానెన్నడూ చూడని పూనాలోని విశ్వవిద్యాలయానికి పరీక్ష రాయడమన్నమాట. ఆ విశ్వవిద్యాలయానికే ఇంకెక్కడో మరాఠీలో, గుజరాతీలో చదువుకుంటున్న ఆడపిల్లలు కూడా రాస్తున్నారు. ఒకరి ముఖం ఒకరికి తెలియదు. అయినా అందరూ ఒక జాబితాలో ఉన్నారు.

బెనెడిక్ట్ ఆండర్సన్ 1983లో రాసిన పుస్తకం వల్ల "ఊహాత్మక సమాజాలు" అనే మాట మన విశ్వవిద్యాలయాల్లో బాగా నలిగింది. ఒకే పత్రికను ఒకే ఉదయం చదివే అపరిచితులు, ఒకరినొకరు చూడకుండానే తామంతా ఒక జాతి అనుకుంటారని ఆయన వాదన. 1926లో గోలకొండ పత్రిక, 1934లో 354 మంది కవులతో వచ్చిన గోలకొండ కవుల సంచిక చేసిన పని సరిగ్గా ఇదే. "ఇక్కడ కవులు లేరు" అన్న మాటకు జవాబుగా సురవరం ప్రతాపరెడ్డి అచ్చులో ఒక తెలంగాణను పోగుచేశారు. అయితే ఆండర్సన్ ఈ బంధాన్ని సోదరభావం అన్నాడు. ఆ మాట ఆయన అంత ఆలోచించి వాడాడని నేననుకోను. కానీ సరిగ్గానే వాడాడు. అన్నదమ్ములు ఊహించుకున్న ఇంట్లో అక్కచెల్లెళ్ళ చోటు ఎక్కడ? బడి పెట్టిన సంస్కర్తలు కూడా ఆడపిల్ల చదువుకు కారణం చూపించాల్సే వచ్చింది. మంచి తల్లి అవుతుందని, ఇల్లు దిద్దుకుంటుందని, జాతి బాగుపడుతుందని. ఆ పిల్ల పుస్తకం తెరిచి సంతోషపడుతుందని మాత్రం ఎవరూ కారణంగా చెప్పలేదు.

అదే 1928లో, అక్టోబర్‌లో, వర్జీనియా వుల్ఫ్ కేంబ్రిడ్జిలోని రెండు మహిళా కళాశాలల్లో చేసిన ప్రసంగాలు మరుసటి ఏడాది "ఎ రూమ్ ఆఫ్ వన్స్ ఓన్" పుస్తకమయ్యాయి. అందరూ గదినీ డబ్బునూ గుర్తుపెట్టుకుంటారు. మొదటి అధ్యాయంలో ఇంకో రెండు చోట్లున్నాయి. ఆలోచనలో మునిగి గడ్డి మీద నడుస్తున్న స్త్రీని కళాశాల ఉద్యోగి ఒకడు ఆపుతాడు. గడ్డి మగ విద్వాంసులకు, కంకర దారి ఆమెకు. కొంచెం సేపటికే గ్రంథాలయం గుమ్మం దగ్గర ఇంకొకాయన ఆపుతాడు. తోడుగా విద్వాంసుడైనా ఉండాలి, పరిచయ లేఖైనా ఉండాలి. తోటా, గ్రంథాలయమూ ఒకే పూట మూసుకుపోతాయి. ఈ మధ్యలో ఆమె పోగొట్టుకున్నది అప్పుడే మనసులో పుడుతున్న ఒక చిన్న ఆలోచన. ఈ రెండు తలుపులనూ పక్కపక్కన పెట్టడంలోనే ఆ అధ్యాయం బలమంతా ఉంది. ఊరికే నడవనివ్వని చోట ఊరికే చదవనివ్వరు.

వుల్ఫ్ కంటే చాలా ముందే మన దేశంలో ఒక స్త్రీ ఈ రెండు తలుపుల్నీ ఒకేసారి తెరిచింది. బెంగాల్‌కు చెందిన రొకేయా సఖావత్ హుస్సేన్ ఇంగ్లీషులో రాసిన "సుల్తానాస్ డ్రీమ్" 1905లో మద్రాసు నుంచి వచ్చే "ఇండియన్ లేడీస్ మ్యాగజైన్"లో అచ్చయింది. ఆ పత్రిక సంపాదకురాలు తెలుగు కుటుంబంలో పుట్టిన కమలా సత్యనాథన్. కథలో సుల్తానా పడక కుర్చీలో కూర్చుని ఆడవాళ్ళ స్థితి గురించి ఆలోచిస్తుంటే సిస్టర్ సారా వస్తుంది. డార్జిలింగ్ బొటానికల్ గార్డెన్‌లో లాగా నడకకు పిలుస్తోందనుకుని సుల్తానా బయటకు వస్తుంది. చూస్తే పట్టపగలు, వీధి నిండా స్త్రీలు, ఒక్క మగవాడు లేడు. పరదా లేకుండా వచ్చానే అని ఆమె బెదిరిపోతుంది. కాళ్ళ కింద మెత్తగా నాచు, పూలు. ఊరంతా తోట. వంటిల్లు కూడా కూరగాయల తోటలోనే ఉంటుంది, పొగ లేదు, బొగ్గు లేదు, సూర్యరశ్మితో వంట. మగవాళ్ళు మర్దానాలో ఉంటారు.

ఈ కథను విజ్ఞానశాస్త్ర కల్పన అంటారు, వ్యంగ్యం అంటారు. రెండూ నిజమే. నాకు మాత్రం ఇది నడక కథ. స్వర్గం ఎట్లా ఉంటుందని అడిగితే జనానాలో పెరిగిన రచయిత్రి మొదట చెప్పింది నగలూ కాదు, రాజ్యాధికారమూ కాదు. ఇంకొక స్త్రీతో కలిసి, పని లేకుండా, తోటలో నడుస్తూ మాట్లాడుకోవడం! అధికారం సంగతి ఆ తర్వాత వస్తుంది. 1915లో అమెరికాలో షార్లెట్ పెర్కిన్స్ గిల్మన్ తన పత్రికలో వరసగా రాసిన "హర్‌లాండ్" కూడా స్త్రీల రాజ్యమే, అక్కడ అడవి కూడా తోటలాగే ఉంటుంది. ఒకరి గురించి ఒకరికి తెలిసిన దాఖలా కనబడని ఇద్దరు రచయిత్రులు, స్త్రీల సమాజాన్ని ఊహించగానే తోటను ఎందుకు ఊహించారు? తోటకు గోడ ఉంటుంది, భయం ఉండదు. ఇంట్లోలాగా పని ఉండదు, వీధిలోలాగా జవాబు చెప్పుకోనక్కరలేదు. పుస్తకంలో కూడా అంతే కదా!

కల పుస్తకం దాటి బయటకు వచ్చినప్పుడు ఏమయిందో మనకు తెలియనిది కాదు. 1986లో స్త్రీశక్తి సంఘటన తెచ్చిన "మనకు తెలియని మన చరిత్ర"లో తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీలు తమ మాటల్లో చెప్పుకున్నారు. వాళ్ళు అడవిని, రాత్రి నడకల్ని, దళాన్ని తలుచుకునే తీరు వేరుగా ఉంటుంది. కష్టం చెబుతూనే ఆ స్వేచ్ఛను చెబుతారు. పోరాటం ఆగాక ఇళ్ళకు పొమ్మన్నప్పటి దిగులు కూడా ఆ పుస్తకంలో ఉంది. కొత్త సమాజాన్ని ఊహించడంలో వాళ్ళు సమానంగా పాలుపంచుకున్నారు. పంచుకునే వేళకు మళ్ళీ వంటింటి గుమ్మం. జోగిపేట మహిళా సభకు ఒక వాక్యం దక్కినట్టే.

ఇక 1960ల తర్వాత మన అమ్మల తరం చదువు. వారపత్రికల సీరియళ్ళు, అద్దెకిచ్చే నవలల దుకాణాలు. యద్దనపూడి సులోచనారాణి నవలల్లోని బంగళాలూ, కార్లూ చూసి విమర్శకులు నవ్వారు, కాలక్షేపం అన్నారు. ఆ నవలలు చాలావరకు వివాహం దగ్గరే ఆగిపోతాయన్న మన స్త్రీవాద విమర్శను నేను కాదనను. కానీ కాలక్షేపమన్న మాటను నిందగా వాడేవాళ్ళకు ఒకటి చెప్పాలి. ఇరుకు ఇంట్లో, అంట్లు తోమి, పిల్లల్ని పడుకోబెట్టి, ఒక గంట "నాది" అనుకున్న స్త్రీకి ఆ గంటే తోట. వచ్చే వారం సంచిక కోసం ఎదురుచూసిన లక్షలాది గృహిణులు ఆండర్సన్ చెప్పిన ఊహాత్మక సమాజమే. వాళ్ళకు జెండా లేదు, అంతే.

ఇప్పటి చిక్కడపల్లికి వద్దాం. నగర కేంద్ర గ్రంథాలయంలో పొద్దున్నే వెళ్తే తప్ప కుర్చీ దొరకదు. చెట్ల కింద కూడా చదువుతుంటారు. అశోక్‌నగర్ వీధుల నిండా కోచింగ్ సెంటర్లు, హాస్టళ్ళు, నెలకింత అని కట్టించుకునే రీడింగ్ రూములు. జిల్లాల నుంచి వచ్చిన అమ్మాయిలు గ్రూప్స్ కోసం, టీచర్ పోస్టుల కోసం ఏళ్ళ తరబడి చదువుతున్నారు. 2023లోనూ 2024లోనూ పరీక్షల నిర్వహణ మీద ఇవే వీధుల్లో రాత్రుళ్ళు కూడా నిరసనలు సాగాయి. అమ్మాయిలూ రోడ్డు మీద కూర్చున్నారు. ఈ చదువును తక్కువ చేసే అర్హత నాకు లేదు. ఉద్యోగం వస్తేనే పెళ్ళి వాయిదా పడుతుంది, ఉద్యోగం వస్తేనే గది దొరుకుతుంది. 1928లో ఆడపిల్ల చదువుకు చూపిన కారణం తల్లితనం. ఇప్పటి కారణం ఉద్యోగం. ఇది చాలా మంచి కారణం. కానీ ఇదీ కారణమే. అక్కడ నవల చదువుతూ కనిపించిన నన్ను, "ఏ ఎగ్జామ్‌కు మేడమ్?" అని ఎందరడిగారో లెక్కలేదు.

ఒక అమ్మాయి మాత్రం ఇండియన్ పాలిటీ నోట్సు కింద నవల పెట్టుకుని చదువుతూ కనబడింది. నేను నవ్వితే తనూ నవ్వింది. "టైం వేస్ట్ అనిపిస్తది గానీ అక్కా, ఇది చదివినంక పొద్దున మళ్ళ నోట్సు పట్టబుద్ధయితది," అంది. ఆ నవలను దాచుకోవలసిన అవసరం ఆమెకు ఎవరి వల్ల వచ్చింది? గ్రంథాలయంలో ఎవరూ అడ్డు చెప్పరు. ఊళ్ళో అప్పు చేసి డబ్బు పంపే నాన్న, "ఇంకెన్నాళ్ళు?" అనే చుట్టాలు, నోటిఫికేషన్ తేదీ, వీళ్ళంతా ఆ బల్ల చుట్టూ కూర్చునే ఉంటారు.

గ్రంథాలయం తలుపు ఇట్లా ఉంటే, తోట తలుపు సంగతేమిటి? ఇందిరా పార్కు 76 ఎకరాలు. చెట్లున్నాయి, రాళ్ళ తోట ఉంది. 2021 ఆగస్టులో దాని గేటుకు పెళ్ళికాని జంటలకు ప్రవేశం లేదని బోర్డు పెట్టారు. విమర్శలు రావడంతో తీసేశారు. బోర్డు పోయినా దాని వెనకున్న ప్రశ్న పోలేదు: ఎవరమ్మా నువ్వు, ఎవరితో, దేనికి? 2017లో పార్కు పక్కనున్న ధర్నా చౌక్‌ను ప్రభుత్వం మూసేసినప్పుడు చెప్పిన కారణాల్లో స్థానికులకు, వాకింగ్‌కు వచ్చేవాళ్ళకు ఇబ్బంది అన్నది ఒకటి. 2018లో హైకోర్టు జోక్యంతో అది తిరిగి తెరుచుకుంది. అంగన్‌వాడీ, ఆశా కార్యకర్తలు వచ్చి కూర్చునే చోటు అది. తెల్లవారుజామున ఆరోగ్యం కోసం వేగంగా నడిచే స్త్రీకి అభ్యంతరం లేదు. రోడ్డు పక్కన జీతం కోసం కూర్చున్న స్త్రీ ఇబ్బంది. బెంచీ మీద స్నేహితుడితో కూర్చున్న స్త్రీ అనుమానం. 2023 ఆగస్టులో ఇక్కడి నుంచి వి.ఎస్.టి. దాకా ఉక్కు వంతెన వచ్చింది. పైనుంచి వెళ్ళిపోయేవాళ్ళకు సమయం కలిసొచ్చింది. కింద ఆగి కూర్చునేవాళ్ళ గురించి అంత ఖర్చుతో ఆలోచించిన పథకం ఏదీ నాకు కనబడలేదు.

ముంబయి నగరాన్ని పరిశోధించి శిల్పా ఫడ్కే, సమీరా ఖాన్, శిల్పా రానడే 2011లో తెచ్చిన "వై లాయిటర్?" పుస్తకం ఈ సంగతే చెబుతుంది. ఆడవాళ్ళు బయట ఉండాలంటే ఏదో పని మీద ఉన్నట్టు కనబడాలి. సంచీ, ఫోను, వేగంగా నడక, అన్నీ ఆ నటనలో భాగాలే. భద్రత ఒక్కటే అడిగితే "ఇంట్లో ఉండండి" అంటారు, అందుకని పని లేకుండా తిరిగే హక్కునే అడగాలంటారు వాళ్ళు. ఆ హక్కు పక్కన నేను ఇంకొకటి చేర్చుతాను: పని లేకుండా చదివే హక్కు.

హైదరాబాదులో ఇంటి పన్నుతో పాటు రూపాయికి 8 పైసలు గ్రంథాలయ పన్నుగా కడుతున్నాం. పార్కు గేటు దగ్గర టికెట్టు కొంటున్నాం. కాబట్టి ఇది దానం అడగడం కాదు. పోటీ పరీక్షల వాళ్ళకు కుర్చీలు, గదులు పెంచాలి, దానితో పాటే పరీక్షతో సంబంధం లేని పుస్తకాలకు ఒక గది, స్త్రీలు చీకటి పడ్డాక కూడా ఉండగలిగే వేళలు, బయట దీపాలు, శుభ్రమైన మరుగుదొడ్డి కావాలి. పార్కులో చదువుకోడానికి వెలుతురున్న బెంచీలు కావాలి. ఈ పత్రిక చదివేవాళ్ళలో రచయిత్రులున్నారు, అధ్యాపకులున్నారు. మన విద్యార్థినులకు చదవాల్సిన పుస్తకాల జాబితాలు చాలా ఇచ్చాం. ఈసారి ఒక పుస్తకం జాబితాలో లేకుండా చేతికిద్దాం. దాని మీద వ్యాసం రాయమని మాత్రం అడగొద్దు.