కట్లు విప్పని పరీక్ష: సి.టి. స్కాన్, శవపరీక్ష, చరిత్ర

బషీర్‌బాగ్‌కు దగ్గరలోనే ఉన్న పబ్లిక్ గార్డెన్స్‌లోని రాష్ట్ర మ్యూజియంలో ఒక ఈజిప్టు మమ్మీ ఉంది. అది నైషు అనే రాకుమారిదని చెబుతారు. ఆరవ నిజాం అల్లుడు నజీర్ నవాజ్ జంగ్ దానిని 1920 ప్రాంతంలో వెయ్యి పౌండ్లకు కొని ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్‌కు ఇచ్చారనీ, ఆయన 1930లో మ్యూజియానికి బహూకరించారనీ ప్రచారంలో ఉన్న కథనం. ఇందులో ఎంతవరకు ఆ దేహమే సాక్ష్యం చెప్పగలదు? ఈ ప్రశ్నతో మన పాఠం మొదలుపెడదాం.

పూర్వం మమ్మీని పరీక్షించడమంటే కట్లు విప్పడమే. 1830లలో లండన్‌లో థామస్ పెటిగ్రూ జనం ముందు వేడుకగా మమ్మీల కట్లు విప్పేవాడు. అలా విప్పాక ఆధారం సగం నాశనమైనట్లే. 1895లో రాంట్‌జెన్ ఎక్స్‌రేలను కనుగొన్నాడు. మరుసటి ఏడాదే ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఒక మమ్మీకి ఎక్స్‌రే తీశారు. అయితే ఎక్స్‌రే ఫిలింలో ముందున్న ఎముక, వెనకున్న ఎముక ఒకదానిపై ఒకటి పడతాయి.

ఈ చిక్కును తీర్చింది ఇంగ్లండుకు చెందిన ఇంజనీరు గాడ్‌ఫ్రే హౌన్స్‌ఫీల్డ్. శరీరం చుట్టూ అనేక కోణాల నుంచి ఎక్స్‌రేలు పంపి, ఎంత భాగం బయటికి వచ్చిందో కొలిచి, ఆ కొలతల నుంచి అడ్డుకోత చిత్రాన్ని కంప్యూటరుతో గీయించడం ఆయన పద్ధతి. దీనికి అవసరమైన గణితాన్ని అలన్ కార్మాక్ అంతకుముందే విడిగా రూపొందించాడు. 1971 అక్టోబరు 1న లండన్‌లోని అట్కిన్సన్ మోర్లే ఆస్పత్రిలో తొలి రోగికి మెదడు స్కాన్ తీశారు. 1979లో ఇద్దరికీ నోబెల్ బహుమతి లభించింది. నేడు పక్షవాతంతో వచ్చిన రోగికి వైద్యులు ముందుగా సి.టి. తీయిస్తారు. మెదడులో కొత్తగా కారిన రక్తం తెల్లగా కనిపిస్తుంది. రక్తస్రావమా, రక్తనాళం మూసుకుపోవడమా అన్నది తేలకుండా గడ్డను కరిగించే మందు ఇవ్వకూడదు, ఇస్తే ప్రాణానికే ముప్పు.

న్యాయవైద్యంలో సి.టి. విలువను తెలిపే మంచి ఉదాహరణ టుటంఖామున్. 1968లో తీసిన ఎక్స్‌రేలో పుర్రెలోపల ఎముక ముక్కలు కనిపించడంతో, తలపై కొట్టి చంపారనే కథ పుట్టి దశాబ్దాలు నిలిచింది. 2005 జనవరిలో తీసిన సుమారు 1,700 సి.టి. చిత్రాలు ఆ కథకు ఆధారం లేదని తేల్చాయి. ఆల్ప్స్ మంచులో 1991లో దొరికిన 'ఓట్జీ' విషయంలో ఇందుకు విరుద్ధంగా జరిగింది. అతడు చలికి చనిపోయాడని చాలామంది అనుకున్నారు. పదేళ్ల తర్వాత ఎడమ భుజంలో బాణపు మొన బయటపడింది.

మన మార్చురీల వద్ద 'కోయకుండా కుదరదా?' అని బంధువులు ప్రాధేయపడటం తరచూ కనిపించే దృశ్యం. ఆ కోరికకు కొంతవరకు జవాబు 'వర్చువల్ అటాప్సీ'. స్విట్జర్లాండులోని బర్న్‌లో 1990ల చివర ఈ పద్ధతి రూపుదిద్దుకుంది. మన దేశంలో ఢిల్లీ ఎయిమ్స్ 2021లో ప్రారంభించింది. ఈ మార్పు వేగాన్ని మన ప్రాంతపు ఉదాహరణతోనే గ్రహించవచ్చు. గాంధీ వైద్య కళాశాల 1958లో బషీర్‌బాగ్‌కు వచ్చేనాటికి ప్రపంచంలో ఎక్కడా సి.టి. యంత్రం లేదు. 2003లో ముషీరాబాద్‌కు తరలేనాటికి బర్న్‌లో శవాలకు స్కాన్ తీస్తున్నారు. అయినా కత్తి అవసరం పూర్తిగా తీరలేదు. తూటా, ఎముక విరుగుడు స్కాన్‌లో బాగా కనిపిస్తాయి. విషం కనిపించదు. దానికి విసెరాను ప్రయోగశాలకు పంపవలసిందే.

నైషు మమ్మీకి 2016లో మన నగరంలోనే ఎక్స్‌రే, సి.టి. స్కాన్ తీశారు. ఆ తర్వాత దానిని నైట్రోజన్ నింపిన పెట్టెలో భద్రపరిచారు. ఇలాంటి స్కాన్‌లో దంతాలు, ఎముకల చివరలు వయసును సూచిస్తాయి. కటి ఎముక ఆకారం స్త్రీయో పురుషుడో చెబుతుంది. పేరు మాత్రం ఎముకల్లో ఉండదు. దానికి పెట్టెపైని రాతలు చూడాలి. ఈ మమ్మీని క్రీ.పూ. 300–100 మధ్యదిగా పేర్కొంటూనే కొందరు 2,500 ఏళ్లనాటిదని రాస్తారు. లెక్క కుదరడం లేదని గమనించండి. 'ఆరవ ఫారో కుమార్తె' అన్న మాట మరీ అస్పష్టం. ఏ వంశంలో ఆరవవాడు? క్రీ.పూ. 300 తర్వాత ఈజిప్టును ఏలినది గ్రీకు మూలాలున్న టాలెమీలు. వారిలో ఆరవవాడినే ఉద్దేశించారో, వేరొకరినో తేల్చాలంటే స్కాన్ చిత్రాలను పక్కన పెట్టి శాసనాలను, కొనుగోలు పత్రాలను వెతకాలి.