'ఖాళీ స్థలం' అన్న మాట

పెరటి చెట్టు మందుకు పనికిరాదంటారు. స్త్రీల శ్రమను చరిత్ర చూసిన చూపూ అదే. ఇంట్లో చేస్తే అది బాధ్యత. బయట జీతం లేకుండా చేస్తే కాలక్షేపం. న్యూయార్క్ నగరంలో సామూహిక తోటల చరిత్ర చదువుతుంటే నాకీ సామెత పదే పదే గుర్తొచ్చింది.

బ్రూక్లిన్‌లోని బెడ్‌ఫర్డ్-స్టైవిసెంట్ నల్లజాతి వాళ్ళు ఎక్కువగా ఉండే పేట. అక్కడ హాటీ కార్తన్ అనే నల్లజాతి స్త్రీ అరవై దాటిన వయసులో ఇరుగుపొరుగును కూడగట్టి వీధుల్లో చెట్లు నాటించింది. 1885 ప్రాంతంలో నార్త్ కరోలినా నుంచి వచ్చిన మాగ్నోలియా చెట్టొకటి కూల్చివేతకు గురికాబోతే పోరాడి, 1970లో దానికి నగర వారసత్వ సంపదగా గుర్తింపు తెచ్చింది.

1970లలో నగరం దివాలా అంచుకు చేరింది. యజమానులు వదిలేసిన భవనాలు కూలి, ఇటుక ముక్కలూ చెత్తా మిగిలాయి. 1973లో బవరీ, హ్యూస్టన్ వీధులు కలిసేచోట లిజ్ క్రిస్టీ అనే చిత్రకారిణి, ఆమె స్నేహితులు అలాంటి జాగానొకదాన్ని శుభ్రం చేశారు. తమను 'గ్రీన్ గెరిల్లా'లని పిలుచుకున్నారు. మట్టి మోసుకొచ్చి, మళ్ళు కట్టి కూరగాయలు పండించారు. 1974లో నగరపాలన ఆ స్థలాన్ని నెలకు ఒక డాలరు అద్దెకిచ్చింది.

అదే 1974లో ఆలిస్ వాకర్ తన తల్లి తోట గురించిన ప్రసిద్ధ వ్యాసం రాసింది. కలమూ తీరికా దక్కని నల్లజాతి స్త్రీల సృజన తోటల్లో ఎలా బతికిందో చూపింది. సాహిత్య విద్యార్థినిగా తోటను కళగా చదవడం నాకు నేర్పింది ఆ వ్యాసమే. అయితే ఆ తోట ఉన్న నేల ఎవరిదన్న ప్రశ్న మాత్రం చాలాకాలం నాకు తట్టలేదు.

ఆ ప్రశ్న 1999లో ముందుకొచ్చింది. మేయర్ జూలియానీ ప్రభుత్వం వందకు పైగా తోటల్ని వేలానికి పెట్టింది. పాతికేళ్ళ చాకిరీ తర్వాత కూడా రికార్డుల్లో అవి 'ఖాళీ స్థలాలే'. ఇళ్ళు కావాలా, తోటలు కావాలా అని పేదల అవసరాల మధ్యే పోటీ పెట్టారు. నిరసనలు, కోర్టు కేసులు జరిగాయి. చివరికి వేలానికి ముందురోజు, ట్రస్ట్ ఫర్ పబ్లిక్ ల్యాండ్, నటి బెట్ మిడ్లర్ స్థాపించిన సంస్థ కలిసి 114 తోటల్ని కొనడానికి ఒప్పందం కుదిరింది. 2002లో జరిగిన మరో ఒప్పందం వల్ల ఇంకొన్ని వందల తోటలు నిలిచాయి. కొన్ని ఇళ్ళ నిర్మాణానికి పోయాయి.

తోటలు దక్కినందుకు సంతోషమే. కానీ ఆ 114 తోటల్ని కాపాడింది వాటిని పెంచిన వాళ్ళ హక్కు కాదు, కొనగలిగిన వాళ్ళ డబ్బు. స్త్రీల పనిని కళ అని మెచ్చుకోవడం తేలిక, హక్కుగా ఒప్పుకోవడమే కష్టం.

లిజ్ క్రిస్టీ 1985లో చనిపోయింది. మరుసటి ఏడు ఆ తోటకు ఆమె పేరు పెట్టారు. నీళ్ళు మోసిన, కలుపు తీసిన మిగతా వాళ్ళ పేర్లు ఏ బోర్డు మీదా ఉండవు. స్త్రీల సృజన గురించి రాసే మనం, ఆ సృజన ఏ నేల మీద జరిగిందో, ఆ నేల కాగితాల్లో ఎవరి పేరుందో కూడా చూడాలి.