సావయవం, సేంద్రియం, జవారి

బళ్లారిలో ఒక అంగడి గోడ మీద కన్నడంలో ‘సావయవ’ అని రాసివుంది. కప్పగల్లు నుంచి నాతో వచ్చిన అవ్వకు చదివి వినిపిస్తే, “అవయవాలుండే బియ్యమా? కాళ్లు యాడున్నాయిరా?” అంది. నవ్వొచ్చింది గానీ అవ్వ చెప్పింది సరైన వ్యుత్పత్తే. స, అవయవ కలిస్తే సావయవ. అదే సరుకును తెలుగులో సేంద్రియం అంటాం: స, ఇంద్రియ. ‘ఆర్గానిక్’ అనే ఒక్క ఇంగ్లీషు మాటను ఇరుగుపొరుగు భాషలు చెరొక చోట పట్టుకున్నాయి. కన్నడం ఒంటిని చూసింది, తెలుగు నాలుకను చూసింది. 1953లో బళ్లారి తాలూకా మైసూరు వైపు వెళ్లకుండా ఆంధ్రకు వచ్చివుంటే ఆ గోడ మీద రెండో మాటే ఉండేదేమో.

పుట్టుకను బట్టి చూస్తే కన్నడానిదే గెలుపు. 1940లో లార్డ్ నార్త్‌బోర్న్ తన పుస్తకంలో ‘ఆర్గానిక్’ మాటను సేద్యానికి తగిలించినప్పుడు, ఆయన మనసులో ఉన్నది ఎరువు సంచి మీది చీటీ కాదు. పొలం, పశువు, పంట, మనిషి కలిసి ఒకే ఒడలు అన్న ఊహ. అయితే సేంద్రియానికి వయసు ఎక్కువ. చరక సంహిత ద్రవ్యాలను రెండుగా విడదీసి, ఇంద్రియాలున్నది చేతనం, లేనిది అచేతనం అంటుంది. తర్వాత రసాయన శాస్త్రం ఆ మాటను అరువడిగి తీసుకుని ఇంకో దారి పట్టించింది. 1828లో వోలర్ ప్రయోగశాలలో తయారుచేసిన యూరియా, ఆ శాస్త్రం లెక్కన, సేంద్రియ పదార్థమే. యూరియా వెయ్యలేదని చెప్పుకోవడానికి యూరియాకు కూడా చెల్లే మాటనే వాడుతున్నామన్నమాట!

చిక్కంతా ఇంద్రియం దగ్గరే. ఆ మాట చెవిన పడగానే నోరూరుతుంది, రుచి ఉంటుందని ఆశ పుడుతుంది. ధ్రువపత్రం ఇచ్చేవాళ్లు మాత్రం దేన్నీ రుచి చూడరు. మట్టిలో ఏం పడింది, ఏం పడలేదు, ఏడాది పంటలైతే రెండేళ్ల మార్పిడి కాలం గడిచిందా లేదా, చూసేది అదే. 2012లో స్టాన్‌ఫర్డ్ వాళ్లు పాత పరిశోధనలన్నీ కలిపి చూస్తే సేంద్రియ పంటల్లో మందుల అవశేషాలు తక్కువని తేలింది గానీ, పోషకాల్లో గట్టి తేడా కనబడలేదు. 2014లో న్యూకాజిల్ నుంచి వచ్చిన సమీక్ష, యాంటీఆక్సిడెంట్లు ఎక్కువ, కాడ్మియం తక్కువ అంది. నాలుక సంగతి రెండింటితోనూ తెగలేదు.

అవ్వ తెగ్గొట్టింది. ఆ అంగడిలో కొన్న టమేటాలతో ఒక పచ్చడి, కప్పగల్లు సంతలో కొన్న జవారి టమేటాలతో ఒక పచ్చడి చేసి, జొన్న రొట్టెతో ముందు పెట్టాను. అంగడివి నున్నగా, గట్టిగా, అన్నీ ఒకే కొలత. జవారివి గాట్లు పడి, తొడిమ దగ్గర పగిలి, సంచిలోనే కారుతున్నాయి. రెండో పచ్చడి నోట్లో పెట్టుకోగానే అవ్వకు పులుపుకి ఒక కన్ను మూతపడింది. “ఇది టమేటా” అని గిన్నె తన వైపు లాక్కుంది. తర్వాత సంతలో ఆ రైతును అడిగితే దాపరికం లేకుండా చెప్పాడు: “రోంత యూరియా ఏసినాన్నా, ల్యాకుంటే కాయ రాదు.”

జవారి అంటే ఈ పక్క నాటు. జవారి కోడి, జవారి దోస. విత్తనం ఎక్కడిది, కాయ ఎప్పుడు కోశారు, ఎంత దూరం మోశారు, ఇన్నీ ఆ ఒక్క మాటలో ఇమిడివున్నాయి. రుచిని అడగాల్సింది ఈ మాటను. దూరం మోయడానికి పెంచిన గట్టి తోలు రకాన్ని పేడతో పండించినా అది గట్టి తోలు కాయే.

మరి సేంద్రియానికి ఎక్కువ డబ్బు దేనికి? ఇక్కడ ఇంకో మాట ఉంది, మందు. జ్వరానికీ మందే, పురుక్కీ మందే, యూరియా కూడా మందే, సాయంత్రం తాగేదీ మందే. మిరప, పత్తి పండే ఈ జిల్లాలో వీపున డబ్బా తగిలించుకుని మందు కొట్టేవాడి చొక్కా వాసన తెలిసినవాణ్ని. పచ్చిమిరపకూ ఆకుకూరకూ నేను పైసలు ఎక్కువ పెడతాను. నా నాలుక కోసం అని చెబితే అబద్ధం, ఆ చొక్కా కోసం.

ఆ పైసల్లో కొంత ఎరువు కిందికీ పోతుంది. ఎరువుకు తెలుగులో రెండు అర్థాలు: చేనికి వేసేది, పొరుగింట అడిగి తెచ్చుకునేది. ఎరువు సొమ్ము బరువు చేటు అన్నప్పటిది రెండోది. మొదటిది తమిళంలో ‘ఎరు’, రెండోది అడుక్కోవడానికి వాడే ‘ఇర’కు చుట్టం. వేర్లు వేరైనా తెలుగులో ఒకే గొంతు పడింది.

కప్పగల్లు దగ్గర ఈ ఎరువుకు వేల ఏళ్ల లెక్క ఉంది. కొత్త రాతియుగం మనుషులు ఈ గుట్టల దగ్గర పశువులను దొడ్లలో కట్టేశారు, పోగుపడిన పేడను కాల్చారు. అవే బూడిద దిబ్బలు. కుడతిని దగ్గర ఉన్నదానికి బూదికనుమ అని తెలుగు పేరే. అది రాక్షసుణ్ని కాల్చిన బూడిదని జనం కథ, పేడ అని భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫుట్ వాదన. పక్కనున్న సంగనకల్లు తవ్వకాల్లో ఉలవలు, పెసలు, అండుకొర్రలు దొరికాయి. ఇవాళ పొట్లాం కట్టి ఖరీదుగా అమ్ముతున్నవి అవే. తర్వాతి కాలపు రైతులు కొన్ని దిబ్బలను తవ్వి చేలకు తోలుకున్నారు. పురావస్తు శాఖకు అది నష్టం, చేనికి మాత్రం పాత బాకీ వసూలు.

దొడ్డి పద్ధతి పూర్తిగా పోలేదు. కోతలయ్యాక గొర్రెలవాళ్లు వచ్చి చేలో మంద పెడతారు. తెల్లవారి ఆ చేను మీద నడిస్తే పెంటికలు కాలికింద మెత్తగా నలుగుతాయి, మూత్రం ఘాటు ముక్కుకు తగులుతుంది. అవ్వ కొడుకు గట్టు మీద కూర్చుని గొర్రెల కాపరితో బేరమాడుతున్నాడు, రాత్రికింత అని. కాపరి ఒప్పుకోవడం లేదు. తలకింత అంటున్నాడు.