పెద్దల కుంగుబాటుకు ఆన్‌లైన్ చికిత్సలు

కుంగుబాటు, అంటే డిప్రెషన్, ఉన్న పెద్దవారికి మాటలతో, అభ్యాసాలతో చేసే మానసిక చికిత్సను ఇంటర్నెట్ ద్వారా అందించే పద్ధతులన్నిటినీ కలిపి ఆన్‌లైన్ చికిత్సలు అంటారు. పేరు ఒకటే అయినా దాని కింద కనీసం నాలుగు రకాలున్నాయి. వీడియోలో థెరపిస్టుతో ముఖాముఖి మాట్లాడటం ఒకటి, చాట్‌లో రాసుకుంటూ మాట్లాడటం మరొకటి. వారానికో పాఠం చదువుతూ మధ్యమధ్య ఒక మనిషి నుంచి సందేశాలు అందుకునే కోర్సు మూడోది. ఎవరి తోడూ లేకుండా సొంతంగా పూర్తిచేసుకునే కోర్సు, లేదా యాప్, నాలుగోది. కాబట్టి ఆన్‌లైన్ చికిత్స పనిచేస్తుందా అని అడిగినవారిని ముందు ‘ఏది?’ అని తిరిగి అడగక తప్పదు.

కోర్సుల్లో ఏముంటుంది

వీటిలో అన్నిటికంటే ఎక్కువ పరీక్షలకు నిలిచింది ఇంటర్నెట్ సీబీటీ. కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీకి సీబీటీ పొట్టి పేరు. అమెరికన్ మనోవైద్యుడు ఆరన్ బెక్ 1960లలో వేసిన పునాది మీద పెరిగిన చికిత్స ఇది. మనసులో తటాలున మెదిలిన ఆలోచనను పట్టుకుని, రాసి, దానికి ఆధారమెంతో చూసుకోవడం ఇందులో ఒక భాగం. ‘ఫోన్ చేస్తే ఎత్తలేదు, అంటే నేనంటే లెక్కలేదన్నమాట’ అనుకున్న చోట ఆగి, ఎత్తకపోవడానికి ఇంకేం కారణాలుండొచ్చో ఆలోచించడం లాంటిది. రెండో భాగం బిహేవియరల్ యాక్టివేషన్. బుద్ధి పుట్టాక చేద్దామని ఆగకుండా, వేళ పెట్టుకుని చిన్న పనులు మొదలుపెట్టడం: స్నానం, వీధి చివరిదాకా నడక, ఎప్పుడో మానేసిన మొక్కల పని. రెండూ పాఠాలుగా, అభ్యాసాలుగా విడదీయడానికి వీలైనవి కావడం వల్లే కంప్యూటర్‌లో తొందరగా ఒదిగిపోయాయి.

1990లోనే అమెరికాలో 36 మందితో జరిగిన చిన్న పరీక్షలో కంప్యూటర్ ద్వారా ఇచ్చిన సీబీటీ, థెరపిస్టు ఇచ్చిన సీబీటీకి దీటుగా నిలిచింది. ఆస్ట్రేలియన్ నేషనల్ యూనివర్సిటీ పరిశోధకులు 2001లో ‘మూడ్‌జిమ్’ అనే సీబీటీ కోర్సును ఇంటర్నెట్‌లో పెట్టారు. స్వీడన్‌లో గెర్హార్డ్ ఆండర్సన్ బృందం 2005లో కుంగుబాటుకు ఇంటర్నెట్ చికిత్స మీద తన తొలి ఫలితాలను ప్రచురించింది.

సీబీటీ ఒక్కటే కాదు. సమస్యా పరిష్కార చికిత్స, ఇంటర్‌పర్సనల్ థెరపీ, సైకోడైనమిక్ థెరపీ కూడా ఆన్‌లైన్‌లోకి వచ్చాయి. నెదర్లాండ్స్‌లో 263 మందితో చేసి 2008లో ప్రచురించిన పరీక్షలో సీబీటీ, సమస్యా పరిష్కార చికిత్స రెండూ ఫలితమిచ్చాయి. రెండోదాని ఫలితం కాస్త ముందుగా కనిపించింది. పద్ధతుల మధ్య తేడాలు మొత్తం మీద చిన్నవే.

సీబీటీలోని ముక్కలను విడదీసి చూసిన 2021 విశ్లేషణ ఇంతకంటే ఆసక్తికరం. జపాన్‌కు చెందిన తోషి ఫురుకావా నాయకత్వంలో 76 పరీక్షలను కలిపి చూస్తే, మేలు చేసే సూచన బిహేవియరల్ యాక్టివేషన్‌లో కనిపించింది. కండరాలు వదులు చేసుకునే రిలాక్సేషన్ అభ్యాసాలు మేలు చేయకపోగా చెరుపు చేయవచ్చన్న సూచన కూడా వచ్చింది. ఇవి బలమైన రుజువులు కావు, సూచనలే. అయినా, కుంగినవారికి ‘రిలాక్స్ అవ్వు’ అని సలహా చెప్పే అలవాటున్న మనకు ఇది ఆలోచించదగ్గ సంగతి.

తోడున్న కోర్సు, తోడులేని కోర్సు

అసలు తేడా పద్ధతుల పేర్లలో కంటే తెర వెనక మనిషి ఉన్నాడా లేదా అన్నదాంట్లో బయటపడుతుంది. ఈ తోడు పెద్ద పనేం చేయదు. పాఠం ఎక్కడ ఆగిందో చూసి, రాసిన అభ్యాసానికి నాలుగు మాటలు జవాబిస్తుంది. చికిత్స అంతా కోర్సులోనే ఉంటుంది.

తోడు లేకపోతే ఏమవుతుందో బ్రిటన్ చూసింది. అక్కడి వైద్య ప్రమాణాల సంస్థ నైస్ 2006లో ‘బీటింగ్ ద బ్లూస్’ అనే కంప్యూటర్ కోర్సును సిఫారసు చేసింది. ఆ తర్వాత దాన్నీ, మూడ్‌జిమ్‌నూ 691 మంది రోగుల మీద పరీక్షించారు. ఫోన్‌లో సాంకేతిక సాయం, కొంత ప్రోత్సాహం ఉన్నాయి గానీ చికిత్స సంగతి మాట్లాడేవారు లేరు. 2015లో వచ్చిన ఫలితం నిరాశపరిచింది. ఫ్యామిలీ డాక్టరు మామూలుగా చేసే వైద్యానికి ఈ కోర్సులు జోడించిన అదనపు మేలు నాలుగు నెలల తర్వాత కనిపించలేదు. కారణం వెతకడానికి దూరం పోనక్కర్లేదు: కోర్సు చివరిదాకా వెళ్లినవారు అయిదుగురిలో ఒకరికంటే తక్కువ. ఏ పనికీ చెయ్యి కదలకపోవడమే లక్షణమైన జబ్బుకు, సొంత పూనికతో సాగాల్సిన మందు రాసిచ్చినట్టయింది.

అలాగని తోడులేని కోర్సులను కొట్టిపారేయలేం. 39 పరీక్షల్లోని 9,751 మంది వివరాలను విడివిడిగా తీసుకుని ఐరీని కరియోటాకి బృందం 2021లో విశ్లేషించింది. కొలత పీహెచ్‌క్యూ-9, అంటే 0 నుంచి 27 వరకు మార్కులుండే తొమ్మిది ప్రశ్నల పత్రం. చికిత్స ముగిసేసరికి తోడున్న కోర్సుకు దక్కిన ఆధిక్యం సగటున 0.8 మార్కు మాత్రమే. ఆరు నెలలు, ఏడాది గడిచాక ఆ తేడా కూడా తేలలేదు. అయితే సగటు ఇక్కడ అసలు సంగతిని కప్పేస్తుంది. కుంగుబాటు స్వల్పంగా ఉన్నవారికి రెండూ దాదాపు ఒకటే. 9 మార్కులు దాటినవారికి తోడున్నదే ఎక్కువ ఉపకరించింది.

థెరపిస్టు నేరుగా చాట్‌లో మాట్లాడే పద్ధతిని బ్రిటన్‌లో 297 మందితో పరీక్షించారు. 2009 నాటి ఆ ఫలితాల ప్రకారం నాలుగు నెలలకు 38 శాతం మంది కోలుకున్నారు. వెయిటింగ్ లిస్టులో ఉన్నవారిలో 24 శాతం. తోడున్న ఇంటర్నెట్ సీబీటీని ఎదురెదురుగా కూర్చుని చేసే సీబీటీతో పోల్చిన 20 పరీక్షలను 2018లో కలిపి చూస్తే తేడా దాదాపు లేదు. వాటిలో కుంగుబాటుతో పాటు ఇతర సమస్యలవీ ఉన్నాయి.

ఇలాంటి అంకెలు చదివేటప్పుడు దేనితో పోల్చారో చూడాలి. వెయిటింగ్ లిస్టుతో పోలిస్తే ఏ చికిత్సయినా ఘనంగా కనిపిస్తుంది, వైద్యం అందుతున్నవారితో పోలిస్తే కుదించుకుపోతుంది. పైగా ఆత్మహత్య ఆలోచనలు తీవ్రంగా ఉన్నవారిని చాలా పరీక్షల్లో ముందే పక్కనపెడతారు. ఈ ఫలితాలు వారికి వర్తించవు.

తెలుగులో

పరీక్షలకు నిలిచిన కోర్సులు ఎక్కువగా ఇంగ్లీషు, స్వీడిష్, డచ్, జర్మన్ భాషల్లో పుట్టాయి. వాటిని తెలుగులోకి తేవడం పదాలు మార్చినంత తేలిక కాదు. సీబీటీ పట్టికలో ఆలోచనకు ఒక గడి, అనుభూతికి మరొక గడి ఉంటాయి. మనం ‘బాధగా అనిపించింది’ అంటాం, ‘నేనెందుకూ పనికిరానని అనిపించింది’ అనీ అంటాం. మొదటిది అనుభూతి, రెండోది ఆలోచన, క్రియ మాత్రం ఒకటే. రెంటినీ విడదీయడం నేర్పాకే పట్టిక చేతికివ్వాలి.

భారత ప్రభుత్వం 2022 అక్టోబరు 10న మొదలుపెట్టిన టెలీ మానస్ సేవ తెలుగులోనూ అందుతుంది. ఫోన్ నంబరు 14416, ఖర్చు లేదు. అది పాఠాల కోర్సు కాదు, నంబరు నొక్కితే అవతల కౌన్సెలర్ పలికే ఏర్పాటు. అవసరమైతే అక్కడి నుంచే మనోవైద్యుల దగ్గరికి పంపుతారు.